బర్గండీ పెద్దబాపు

మా వాడకట్టు మలుపులో ఆయన ఫ్లెక్సీ కట్టారు. కరెంటు స్తంభానికీ కిరాణా కొట్టు రేకుకూ మధ్య నిలువెత్తు ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద ‘కన్నీటి నివాళి’. అంతవరకు సరే. దాని కింద ఇంకో వరుస రాయించారు: ‘మృదుస్వభావి, మితభాషి, ఎవరినీ నొప్పించని మంచి మనిషి.’

స్కూటీ ఆపి మరీ చదివాను. ఒళ్ళు మండింది. మృదుస్వభావా? మితభాషా? ఎవరి గురించి రాశారు వీళ్ళు? ఫొటో గానీ మారిపోయిందేమోనని మళ్ళీ చూశాను. ఆయనే. ఆ పొడుగు ముక్కు ఆయనదే. కనుబొమల మధ్య ఎప్పుడూ ఏదో నచ్చనట్టుండే ముడత మాత్రం కనిపించలేదు. ఫొటో దుకాణం వాళ్ళు కంప్యూటర్‌లో చెరిపేసి ఉంటారు. నన్నడిగితే, ఆ ముడత చెరిపేశాక ఆ ఫొటోలో మిగిలింది తెల్లచొక్కా ఒక్కటే.

నాకు తెలిసి మా కొత్తవాడలో ఆయన నొప్పించని మనిషి లేడు. నన్నయితే రోజూ నొప్పించాడు. అందుకే ఆయన పోయాడని తెలిసిన రోజు నేను కర్రీ పాయింట్ తెరవలేదు. వంటగదిలోకి వెళ్ళి స్టవ్ ముందు నిలబడ్డాను గానీ, పోపు పెట్టడానికి చెయ్యి రాలేదు. తప్పు పట్టేవాడు లేనప్పుడు ఎవరి కోసం జాగ్రత్తగా వండాలి అనిపించింది.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. మా గల్లీలో పెద్దవాళ్ళందరితో వరసలు కలుపుకుంటాం. ఆయన నన్ను బిడ్డా అనేవాడు, నేను పెద్దబాపు అనేదాన్ని. మిగతా వాళ్ళు చాటుగా ‘బర్గండీ’ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆయన నోరే. ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతం ఉందట, అక్కడ తెల్ల ద్రాక్షతో చేసే వైన్ ఉందట, అది మంచి చేతుల్లో పడితే ఏళ్ళ తరబడి బతుకుతుందట. ఈ సంగతి ఆయన పాలవాడికి చెప్పాడు, ఇస్త్రీ అతనికి చెప్పాడు, బోనాల చందాకు వచ్చిన కమిటీ వాళ్ళను గుమ్మంలో నిలబెట్టి చెప్పాడు.

ఆయన చరిత్ర నాకు పెద్దగా తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. మగ్గాల ఇంట్లో పుట్టాడు, మీసాలు రాకముందే బొంబాయి పోయాడు, అక్కడో పెద్ద హోటల్లో గిన్నెలు కడిగి కడిగి చివరకు వైన్ పోసే పనికి ఎక్కాడు, రిటైరై తిరిగొచ్చాడు. అంతే. కానీ వైన్ పోయడమంటే సీసా వంచడం కాదని మాత్రం నాకు నూరుసార్లు చెప్పి ఉంటాడు. తాగేవాళ్ళ కంటే ముందు తానొక గుక్క రుచి చూసి, ఆ సీసా బతికుందో పోయిందో చెప్పాలట. పోయిందంటే హోటల్‌కు కోపం, పోయినదాన్ని బతికుందంటే బల్ల దగ్గరి మనిషికి మోసం.

“ఆ ఇద్దరి నడిమిట్ల నిలవడి ఉన్నదున్నట్టు చెప్పుడే నా నౌకరీ బిడ్డా. సీసా వంచుడు పిల్లగాండ్లు గూడ వంచుతరు,” అనేవాడు.

నౌకరీ అయిపోయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. మా చౌరస్తాలో ఓ మందు దుకాణం ఉంది. మన దగ్గర అన్ని దుకాణాలకూ ఉన్నట్టే దానికీ ‘వైన్స్’ అని పెద్ద బోర్డు. ఆయన వచ్చిన కొత్తలో అక్కడికి పోయి తెల్ల వైన్ అడిగాడు. కౌంటర్ వెనక కుర్రవాడికి అర్థం కాలేదు.

“బీరున్నది, విస్కీ ఉన్నది, బ్రాందీ ఉన్నది. ఏం గావాలె కాకా?”

“బోర్డు మీద రాసింది గావాలె.”

“వైన్ లేదు కాకా.”

“మరి బోర్డు మీద ఎందుకు రాసినవ్? సరుకన్న మార్సు, బోర్డన్న మార్సు.”

ఆ తర్వాత వారం వారం పోయి అదే ప్రశ్న అడిగాడు. గిరాకీ నిండుగా ఉన్నప్పుడు, అందరూ వినేలా అడిగేవాడు. చివరికి ఆ ఓనరు పోరు పడలేక ఎక్కడి నుంచో ఒక ఎర్రవైన్ సీసా తెప్పించి పెట్టాడు. పెద్దబాపు అక్కడే తీయించి, వాసన చూసి, ఒక్క గుక్క నోట్లో తిప్పి, “గిది దగ్గుమందు,” అని తీర్పు చెప్పి వచ్చేశాడు. పైగా, తెప్పించినందుకు ఓనర్‌కు దండం పెట్టి మరీ వచ్చాడట.

ఇంత గొడవ చేసే మనిషికి ఊరు ఏం పేరు పెడుతుంది? తాగుబోతు అంది. ఆయన తాగింది ఎంతని? పండగకో పబ్బానికో ఒక గ్లాసు. మా ఆయన ఒకసారి పెద్దబాపును బండి మీద పరకాల దిక్కు తాటివనాల దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ కూడా ఇదే వరస. కల్లు లొట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడట. తర్వాత, “ఇది పొద్దుగాల పుట్టి మాపటికి సచ్చేది. గా బర్గండీ ఇరువై ఏండ్లు బతికేది. మర్యాద మాత్రం రెంటికి ఒక్కటే,” అని మిగతా తాగేవాళ్ళందరికీ ఉపన్యాసం ఇచ్చాడట. గౌడాయన సంతోషపడ్డాడు. మా ఆయన మాత్రం ఇంకెప్పుడూ తీసుకుపోలేదు.

నాతో ఆయన పరిచయం కొట్లాటతోనే మొదలైంది. నేను డిగ్రీ చదివి, రెండు మూడు ప్రైవేటు నౌకరీలు చేసి, చాలీచాలని జీతానికి విసిగిపోయి కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. మొదటి వారం వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. నేను గాలిలో తేలుతున్నాను. అప్పుడొచ్చాడు ఈయన. పచ్చిపులుసు, చేపల పులుసు చెరొక చెంచా అడిగాడు. ముక్కుతో ముందు తిన్నాడు, తర్వాత నోటితో.

“ఏందే బిడ్డా, గీ పులుసుల చింతపండు నిరుటిది. ఆవాలు మాడినయ్. మాడినంక గూడ నూనె పారవొయ్యబుద్ధి గాలేదు నీకు.”

నిజమే. మూడూ నిజమే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, నాకు ముక్కు మీదికి కోపమొచ్చింది. “అందరు బాగుందన్నరు. నీ ఒక్కనికే కోడిగుడ్డుకు ఈకలు కనవడ్డయా? కొనుక్కుంటె కొనుక్కో, లేకుంటె తొవ్వ బట్టు,” అన్నాను.

“బాగుందన్నది మాట గాదు బిడ్డా. పిల్లను సూడవోయినోళ్ళు చాయ్ తాగి లేశేటప్పుడు అనే మాట అది. ఎట్లున్నదో చెప్పు, ఎందుకట్లున్నదో చెప్పు. బాగుందని మాత్రం చెప్పకు.”

మర్నాడు రాడనుకున్నాను. సరిగ్గా అదే వేళకు వచ్చాడు. నేనూ ఆవాలు మాడనివ్వలేదు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన వచ్చే వేళకు నాకు పరీక్షలాగే ఉండేది. ఏనాడూ పూర్తి మార్కులు వేయలేదు. ఒకసారి దోసకాయ పప్పు తిని, ఇంకో చెంచా అడిగి తిన్నాడు. నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. “రేపు గూడ గిట్లనే వండు, సూద్దాం,” అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఆయనకు ఆ మాట చెప్పి ఏడ్చాను. మా ఆయనకు ఎందుకు ఏడుస్తున్నానో తెలియలేదు.

ఇంక ఆ సీసా సంగతి. రిటైరైన రోజు హోటల్లో ఆయన పై అధికారి ఒక తెల్ల బర్గండీ చేతిలో పెట్టాడట. అప్పటికే కొన్నేళ్ళ వయసున్నది. దాన్ని రైల్లో పసిపాపలా ఒళ్ళో పెట్టుకుని బొంబాయి నుంచి తెచ్చాడు. గదిలో దానికోసం చిన్న ఫ్రిజ్ కొన్నాడు. పాత జంపకానా ముక్కలో చుట్టి, బిరడా తడారకుండా సీసాను పడుకోబెట్టాడు. ఆ ఫ్రిజ్‌లో కోడలు కొత్తిమీర కట్ట పెట్టినా ఊరుకునేవాడు కాదు. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. కరెంటు పోయిందంటే ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని, తలుపు ఎవరూ తెరవకుండా కాపలా కూర్చునేవాడు.

“అందుల ఏముంటది పెద్దబాపు గంతగనం?” అని ఒకసారి అడిగాను.

“లేతగున్నప్పుడు నిమ్మకాయ ఉంటది. అప్పుడే గీసిన అగ్గిపుల్ల ఉంటది. ముదిరినకొద్ది తేనె, దోరగ ఏంచిన పల్లి, నెయ్యి. ఒక్కపారి హోటల్ల ఒక దొర సీసల అడుగుకు ఇంత మిగిలిచ్చి పోయిండు. వంటింట్ల నిలవడి తాగిన. కండ్లల్ల నీళ్ళచ్చినయ్.”

“మరి తియ్యరాదు?”

“జర ఆగాలె. ఇంకా టైముంది.”

ఎండాకాలాలు గడిచిపోయాయి. జర ఆగాలె అనే మాట మాత్రం మారలేదు. అంతలో కరోనా వచ్చింది.

రెండోసారి వచ్చినప్పుడు ఆయనకు తగిలింది. దవాఖానలో పడుకుని బతికి బయటపడ్డాడు. వాడకట్టంతా సంతోషించింది. మళ్ళీ కర్రీ పాయింట్‌కు వచ్చిన మొదటి రోజు నేను భయపడుతూ చేపల పులుసు చెంచా అందించాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అట్లాగే ఉన్నాడు. నోట్లో వేసుకున్నాడు. చెంచా కింద పెట్టేశాడు.

“పులుపున్నది. పులుపొక్కటే ఉన్నది. ఇంకేం తెలుస్తలేదు బిడ్డా.”

లవంగం వాసన చూడమన్నారు, కర్పూరం చూడమన్నారు. పొద్దూ మాపూ చూశాడు. రాలేదు. ఆ ముక్కే ఆయన ఆస్తి, అది పోయింది. ఇంకొకరైతే గుట్టుగా ఉండేవారు. ఉన్నట్టే నటిస్తే ఎవరు పట్టుకుంటారు? కొడుకు కూడా అదే చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని. ఈయన మర్నాటికల్లా గల్లీ మొత్తం చాటింపు వేసినట్టు చెప్పుకొచ్చాడు: “నా ముక్కు సచ్చింది.” వైన్స్ దుకాణానికి కూడా పోయి చెప్పాడు. “పోయింది పోయిందని చెప్తె సిగ్గేంది? లేంది ఉన్నదని చెప్తె గదా సిగ్గు,” అన్నాడు.

అయినా నా దగ్గరికి రావడం మానలేదు. వచ్చి, చెంచా నా చేతికే ఇచ్చి, “సూడు. చెప్పు,” అనేవాడు. నా కూర నేనే రుచి చూసి ఆయనకు చెప్పాలి. మొదట్లో నాకు నాలుగు మాటలు కూడా దొరికేవి కావు. ధనియాల వాసన ఎక్కడి నుంచి మొదలై ఎక్కడ ఆగిపోతోంది, వంకాయ మగ్గిందా నీరు వదిలిందా, ఏది ముందు, ఏది వెనక. చెప్పలేకపోతే ఊరుకునేవాడు కాదు. చెబుతుంటే కళ్ళు మూసుకుని దవడ మెల్లగా కదిలించేవాడు, తానే తింటున్నట్టు. నాకు విసుగొచ్చేది, జాలేసేది, మళ్ళీ విసుగొచ్చేది. నా గిరాకీ ఆగేది. అయినా చెప్పేదాన్ని.

నిరుడు ఆయన కొడుకు కొత్త ఇల్లు కట్టాడు. నాకు తమ్ముడి వరస. ప్లాట్ల వ్యాపారం, తెల్లచొక్కాలు, ఎవరినీ కాదనలేని నవ్వు. చెడ్డవాడు కాదు. అందరూ బాగుండాలి, అందరూ బాగుందనాలి, అంతే వాడికి. గృహప్రవేశమైన మర్నాడు మేడ మీద దావత్ పెట్టాడు. మేమూ పోయాం. పొద్దు ఇంకా వాలలేదు. మగవాళ్ళంతా ఒకవైపు కుర్చీల్లో, మేమంతా మెట్ల దగ్గర చాపల మీద. తమ్ముడు లేచి నిలబడి, తన దోస్తులందరికీ వినపడేలా చెప్పాడు.

“ఇయ్యాల స్పెషల్ ఉన్నది. మా బాపు బొంబాయి స్టార్ హోటల్ల మేనేజర్ చేసిండు. గిది ఆయన దాసిన ఫ్రాన్స్ సీస.”

“మేనేజర్ గాదు, వైన్ పోశెటోన్ని,” అన్నాడు పెద్దబాపు కుర్చీలోంచి.

సీసా తెచ్చారు. ఇల్లు మారే హడావుడిలో బాపునడగకుండానే తమ్ముడు దాన్ని గంట ముందు డీప్ ఫ్రీజర్‌లో బీర్లతో కలిపి పడేశాడు. చల్లగా ఉంటేనే మర్యాద అనుకున్నాడు పాపం. పెద్దబాపు సీసా మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. “సలికి బిగుసుకపోయింది. ఏం వాసనిస్తది గిది?” అని దాన్ని పిట్టగోడ మీద ఎండ తగలని మూల నిలబెట్టి, అది తేరుకునేదాకా ఎవరూ ముట్టొద్దన్నాడు. అందరూ ఆగారు. మటన్ మీద నెయ్యి పేరుకుంటోంది. ఎవరికీ తినే ధైర్యం లేదు. తమ్ముడు ఆయన చెవి దగ్గర వంగి బతిమాలడం మాకు వినబడుతూనే ఉంది.

“బాపు, నాలుగు ముక్కలు చెప్పు. మస్తున్నదను. నీ ముక్కు సంగతి వీళ్ళకేం ఎరుక? ఎవలకు తెలుస్తది?”

“నాకు తెలుస్తది.”

బిరడా తీసే మరను ఆయన తాళంచెవులతో పాటు మొలలోనే ఉంచుకునేవాడు. తానే తిప్పాడు. సాయం చేయబోయిన ఇద్దరిని కసిరాడు. బిరడా సగంలో విరిగింది. మిగతా సగాన్ని గోరుతో పొర తీసినంత నెమ్మదిగా లాగాడు. గ్లాసు ముందుకు రాగానే తమ్ముడి పెద్ద మేనమామ, “ఆగుండ్రి బావా, తల్లికి సాక వొయ్యకుంట ముడుతరా?” అన్నాడు. తమ్ముడు నొచ్చుకున్నాడు, అంత ఖరీదైనది నేల పాలు చేయడమేమిటని. పెద్దబాపు మాత్రం సంతోషంగా లేచి, బంతిచెట్టు కుండీలో నాలుగు చుక్కలు పోసి దండం పెట్టుకున్నాడు. “మొదాలు తల్లే రుచి సూడాలె,” అన్నాడు.

తర్వాత గ్లాసులో కొంచెం పోసి, భుజం మీది తెల్ల తువ్వాల ముందు పట్టి చూశాడు. రంగు నాకు మెట్ల దగ్గరి నుంచే కనబడింది. బంగారం దాటి డికాక్షన్ వైపు తిరిగింది. ఆయన ముడత ఇంకా లోతైంది. ఒక గుక్క నోట్లో తిప్పాడు.

“పులుపున్నది. నాకింక తెలిసేది లేదు. రంగు ముదిరినయి గూడ బతికుండంగ సూసిన నేను. ముక్కు చెప్పాలె.” అని మా వైపు తిరిగాడు. “ఇట్రా బిడ్డా.”

నన్నే. చాప మీద ఆడవాళ్ళంతా నన్ను చూశారు. మగవాళ్ళ మధ్యకు పోయి, అందరి ముందు సీసాలోది రుచి చూడాలి. మా ఆయన ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు. నాకు బెదురుగానే ఉంది, కానీ లేచాను. ఎందుకు లేవను? కల్లు తాగని ఆడది మా వాడకట్టులో ఎవరుంది, ఇంట్లో తలుపేసుకుని తాగుతారు అంతే.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దేవుడా, తేనె వాసన రానీ, పల్లి వాసన రానీ అనుకున్నాను. రాలేదు. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క నల్లబడ్డాక వచ్చే వాసన. ముక్కిపోయిన పల్లీలు. వానకు తడిసి ఎండిన అట్టడబ్బా. నోట్లో పోసుకుంటే పుల్లటి నీళ్ళు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట బాగుందంటే ఆ ముసలాయన ఇన్నేళ్ళ కాపలా సార్థకమైపోతుంది. తమ్ముడి పరువు నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ కళ్ళు నన్ను సంతోషపెట్టమని అడగడం లేదు. చెప్పమని అడుగుతున్నాయి.

“పోయింది పెద్దబాపు,” అన్నాను.

తమ్ముడి మొహం కందగడ్డ అయింది. “ఏందక్కా, కూరలమ్ముకునేదానివి, నీకేం ఎరుక దీని సంగతి?” అని సీసా లాక్కుని దోస్తుల గ్లాసుల్లో పోశాడు. తాగారు. ఒకడు సూపరన్నాడు. ఒకడు మస్తుందన్నాడు. ఇంకొకడు సోడా కలిపితే ఇంకా బాగుంటుందన్నాడు. తమ్ముడు ఒక్క గుక్కలో మింగి, “ఫస్ట్ క్లాస్ ఉన్నది బాపు!” అన్నాడు.

పెద్దబాపు నన్నే చూస్తున్నాడు. “ఇంతమంది మంచిగున్నదంటాండ్రు. నువ్వొక్కదానివే పోయిందంటానవ్. మళ్ళ సూడు బిడ్డా. ఫికర్ లేదు, మంచిగ సూసి చెప్పు.”

మాట మార్చుకోవడానికి దారి ఇచ్చాడో, నన్ను పరీక్షించాడో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ వాసన చూశాను. మళ్ళీ తాగాను. ఈసారి బెదురు లేదు. కూరలమ్ముకునేదానివి అన్న మాట దాన్ని తీసేసింది.

“మళ్ళ సూసిన. పోయింది.”

తమ్ముడు గ్లాసును ఠప్పున బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వాడి వెనకే దోస్తులు. ఆడవాళ్ళు కూడా నన్ను అదోలా చూసి కిందికి పోయారు. ఆ తర్వాత చాలా నెలలు తమ్ముడు నాతో మాట్లాడలేదు. నేనూ ఏం బతిమాలలేదు.

మొన్న ఆయన పోయాడు. నిద్రలోనే.

పిట్టకు పెట్టే రోజు శ్మశానం దగ్గరికి నేనూ పోయాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందాకా ఎవరికీ తిండి లేదు. విస్తరిలో అన్నం, మటన్, గారెలు, ఒక బీడీకట్ట, పక్కన ఒక విస్కీ క్వార్టరు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఆయన బీడీ ముట్టలేదు. పొగ తాగేవాడిని పక్కన కూర్చోనిచ్చేవాడు కూడా కాదు. విస్కీ పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. ఎవరికో పెట్టే విస్తరి ఈయనకు పెట్టారు.

కాకి రాలేదు. ఎండ ఎక్కుతోంది. నిలబడ్డవాళ్ళు ఊరికే ఉండలేక ఆయన మంచితనం చెప్పడం మొదలుపెట్టారు. ఎంత నెమ్మదస్తుడు, ఎంత శాంతం. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, “మా దావత్ నాడు గా ఫ్రాన్స్ సీస తీసినం గదా. ఎంత మంచిగుండెనో. బాపు ఎంత ఖుషి అయిండో. అక్క గూడ తాగింది. చెప్పక్కా.”

అందరూ నా వైపు తిరిగారు. వాడి గొంతులో నిజంగానే ఏడుపుంది. ఇన్ని నెలల తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. తలూపితే చాలు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు.

“పోయింది తమ్మీ,” అన్నాను. “ఆ సీస పోయింది. మీ బాపుకు తెలుసు.”

పెద్ద మేనమామ గద్దించాడు. “సచ్చినోని ముంగట ఏం మాటలే గవి?”

“బతికున్నప్పుడు ఆయన ముంగటనే చెప్పిన మామా. ఇప్పుడెందుకు మార్సాలె?”

తమ్ముడు కళ్ళు తుడుచుకోవడం ఆపి నా వైపు వచ్చాడు. కోపగించుకుంటాడనుకున్నాను. “నేను దిగివోయినంక ఏమైందక్కా?” అని అడిగాడు.

చెప్పాను. మేడ మీద నేనూ పెద్దబాపూ ఇద్దరమే మిగిలాం. ఎట్లా పోయిందో చెప్పమన్నాడు. ఆపిల్ ముక్క, ముక్కిన పల్లీలు, అట్టడబ్బా, అన్నీ వరసగా చెప్పాను. కళ్ళు మూసుకుని దవడ కదిలిస్తూ విన్నాడు. “అడుగున ఏమన్న మిగిలిందా, సూడు బిడ్డా,” అన్నాడు. చాలాసేపు వెతికాను. అన్నిటి కిందా, నెయ్యి కాచిన గిన్నె కడగకముందు ఉండే వాసన, ఉందా లేదా అన్నంత ఉంది. ఆ మాట చెప్పగానే కళ్ళు తెరిచాడు. “అదే. గదే దాని అసలు వాసన. ముక్కున్నప్పుడు తియ్యకపోతి. జర ఆగాలె, జర ఆగాలె అనుకుంట నేనే సంపుకున్న,” అన్నాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఏడవలేదు. సీసాలో ఉన్నది గ్లాసు నిండా పోయమన్నాడు. పోయినదాన్ని ఎందుకు తాగుతావు పెద్దబాపు అంటే, “పోయినోళ్ళ దగ్గర గూడ జరసేపు కూసుంటం గదా బిడ్డా,” అన్నాడు. పొద్దు కుంకేదాకా కూర్చుని గ్లాసు మొత్తం తాగాడు. తాగుతున్నంతసేపూ హాయిగా ఉన్నాడు. పోయినదాన్ని పోయిందని చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో ఒకరున్నారని హాయిగా ఉన్నాడు.

తమ్ముడు అక్కడే మట్టిలో కూలబడ్డాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి, విస్తరి దగ్గరికి పోయి, క్వార్టరు తీసి పక్కన పెట్టాడు. బీడీకట్ట కూడా తీసేశాడు.

“మరేం పెడ్దామక్కా?”

“ఉన్నయే పెట్టు. పెట్టే ముందుగాల నువ్వు రుచి సూడు,” అన్నాను.

“ఎంగిలైతది! ఎంగిలి మెతుకు పిట్ట ముడ్తదా? మతుండే మాట్లాడుతానవా పిల్లా?” అని మేనమామ అరిచాడు. మిగతావాళ్ళు కూడా గొల్లుమన్నారు. వాళ్ళది తప్పు కాదు. పిట్టకు పెట్టేది ఎవరూ ముందు ముట్టకూడదు. మా అమ్మ చనిపోయినప్పుడు నేనూ ముట్టలేదు. కానీ ఆ విస్తరి ఎవరిది? జీవితమంతా బల్ల దగ్గరివాళ్ళకంటే ముందు తాను రుచి చూసి పోసిన మనిషిది. రుచి చూడకుండా ఆయన ముందు ఏదైనా పెట్టడమే అమర్యాద. ఆ మాట పైకే అన్నాను, మేనమామకు వినపడేలాగా.

తమ్ముడు ఎవరి వైపూ చూడలేదు. విస్తరి ముందు గొంతుక్కూర్చుని, మటన్ ముక్క ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే మింగలేదు. కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా నమిలాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఆ మొహం మీద, కనుబొమల మధ్య సన్నగా ఒక ముడత పడింది.

“ఉప్పెక్కువైంది,” అన్నాడు.

ఆ మటన్ వండి పంపింది నేనే. ఇంకో ముక్క తీసి నేనూ చూశాను. ఎక్కువే అయింది.